పిల్లాడు పిచర్ అయితే చేతి లెక్క ఇంట్లోనే ఉండాలి

అమెరికాలో ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) మైదానాలకు వెళ్లి చూడండి, మన తెలుగు పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. గట్టు మీద కూర్చుని చూసే నాన్నల్లో చాలామంది క్రికెట్ ఆడుతూ పెరిగినవాళ్లే. పిల్లాడు చెయ్యి నొప్పి అంటే వాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: "మేం సెలవుల్లో పొద్దున్నుంచి చీకటి పడేదాకా బౌలింగ్ చేసేవాళ్లం, మాకేం కాలేదు కదా!"

ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. క్రికెట్‌లో చెయ్యి చాచి తిప్పుతాం, కుర్ర ఫాస్ట్ బౌలర్లకు దెబ్బ ఎక్కువగా తగిలేది నడుముకు. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి వేసే పిచర్ మోచేయి మడిచి, భుజాన్ని వెనక్కి తిప్పి, ఒక్కసారిగా ముందుకు విసురుతాడు. పెద్దల్లో ఆ క్షణంలో భుజం తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల దాకా ఉంటుందని ప్రయోగశాలల్లో కొలిచారు. మనిషి శరీరం చేసే కదలికల్లో ఇంత వేగమైనవి చాలా అరుదు. ఆ భారమంతా మోచేయి లోపలి వైపు, భుజం పైభాగం మీద పడుతుంది.

ఈ గాయాల్లో చాలావాటిని ఆపవచ్చు. అయితే పిల్లాడు వారమంతా ఎన్ని బంతులు వేశాడన్న మొత్తం లెక్క కోచ్ దగ్గర ఉండదు, లీగ్ దగ్గర ఉండదు, ప్రైవేట్ లెసన్ చెప్పే ఆయన దగ్గరా ఉండదు. ఎవరి లెక్క వాళ్లది. అన్నీ కలిపి చూడగలిగేది అమ్మానాన్నలే.

ముందు తెలుసుకోవలసింది: ఏది దెబ్బతింటుంది

ఎదిగే పిల్లల ఎముకల చివర గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. మోచేయి లోపలి వైపు తగిలే బొడిపె దగ్గరున్న గ్రోత్ ప్లేట్ మగపిల్లల్లో 15-17 ఏళ్ల వరకూ పూర్తిగా గట్టిపడదు. భుజం దగ్గరది ఇంకా ఆలస్యం. ఈ వయసులో లిగమెంట్ల (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల) కన్నా గ్రోత్ ప్లేటే బలహీనం కాబట్టి ముందు దెబ్బతినేది అదే. మోచేతికి వస్తే లిటిల్ లీగర్స్ ఎల్బో, భుజానికి వస్తే లిటిల్ లీగర్స్ షోల్డర్ అంటారు. వెంటనే గుర్తిస్తే మోచేతికి సాధారణంగా 4-6 వారాలు, భుజానికి 3 నెలల వరకు బంతి విసరడం ఆపితే చాలావరకు నయమవుతుంది. పట్టించుకోకుండా ఆడిస్తే ఆ బొడిపె ఎముక నుంచి ఊడి రావచ్చు.

హైస్కూల్ వయసుకు ఎముక గట్టిపడ్డాక భారం లిగమెంట్ మీదకు మారుతుంది. అది తెగితే చేసేదే టామీ జాన్ సర్జరీ. 1974లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేశారు, అందుకే ఆ పేరు. మళ్లీ గేమ్‌లో పిచింగ్ చేయడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. 2007-2011 మధ్య అమెరికాలో ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లలో సగానికి పైగా 15-19 ఏళ్లవాళ్లేనని ఇన్సూరెన్స్ రికార్డులు పరిశీలించినవాళ్లు తేల్చారు. "సర్జరీ చేయించుకుంటే చెయ్యి ఇంకా బలంగా అవుతుందట" అని కొందరు పేరెంట్స్ అనడం నేను విన్నాను. అది నిజం కాదు. సర్జరీ తర్వాత వేగం పెరిగితే అది ఏడాది పాటు శ్రద్ధగా చేసిన వ్యాయామం వల్ల. ఆ వ్యాయామం కత్తి పెట్టకుండానే చేయొచ్చు.

మొదటి పని: మీ పిల్లాడి వయసు హద్దు గుర్తుపెట్టుకోండి

2007లో లిటిల్ లీగ్ ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటయ్యే దాకా సాగే విడత) లెక్క వదిలేసి పిచ్ కౌంట్‌కు, అంటే వేసిన బంతుల లెక్కకు మారింది. 2014లో ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు తెచ్చాయి. హైస్కూళ్లకు 2017 నుంచి ప్రతి రాష్ట్రమూ పిచ్ కౌంట్ నియమం పెట్టుకోవాల్సి వచ్చింది. పిచ్ స్మార్ట్ ప్రకారం ఒక రోజులో గరిష్ఠం ఇంత:

7-8 ఏళ్లు: 50
9-10 ఏళ్లు: 75
11-12 ఏళ్లు: 85
13-16 ఏళ్లు: 95
17-18 ఏళ్లు: 105

ఈ అంకెలు అందరికీ తెలిసినవే. అసలు కాపాడేది మాత్రం విశ్రాంతి నియమం, జనం మర్చిపోయేది కూడా దాన్నే. 14 ఏళ్ల వరకు ఉన్నవాళ్లు 20 దాకా బంతులు వేస్తే మర్నాడు మళ్లీ వేయొచ్చు. 21-35 వేస్తే 1 రోజు, 36-50కి 2 రోజులు, 51-65కి 3 రోజులు, 66 దాటితే 4 రోజులు పిచింగ్ ఆపాలి. 15-18 ఏళ్లవాళ్లకు ఈ మెట్లు కాస్త ఎక్కువ: 30 దాకా విశ్రాంతి అక్కర్లేదు, 31-45కి 1 రోజు, 46-60కి 2 రోజులు. ఆపైన 3 రోజులు, 4 రోజులు అవుతుంది.

35కీ 36కీ మధ్య తేడా ఒక్క బంతే, కానీ దానికి ఒక రోజు విశ్రాంతి పెరుగుతుంది. తెలివైన కోచ్‌లు ఈ మెట్లు చూసుకునే పిచర్‌ను మారుస్తారు. మీకూ తెలిస్తే కోచ్ ఎందుకు మార్చాడో, ఎందుకు మార్చలేదో అర్థమవుతుంది.

రెండో పని: అన్ని టీముల లెక్కా ఒకే చోట రాయండి

నన్నడిగితే ఈ మొత్తంలో ఇదే ముఖ్యం. 11 ఏళ్ల పిల్లాడి వారం ఒకటి ఊహించుకోండి. మంగళవారం పిచింగ్ లెసన్, 35 బంతులు. గురువారం ఊరి లీగ్ గేమ్, 48. శనివారం ట్రావెల్ టీమ్ (ఊళ్లు తిరిగి ఆడే జట్టు) టోర్నమెంట్ మొదటి గేమ్‌లో 40, రెండో గేమ్‌లో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు). ఆదివారం "ఒక్క ఇన్నింగ్సే కదా" అని 22.

ఊరి లీగ్ పుస్తకంలో 48 ఉంది, హద్దులోపలే. ట్రావెల్ కోచ్ పుస్తకంలో 40, 22 ఉన్నాయి, అవీ ఆయన దృష్టిలో ఎక్కువేం కాదు. లెసన్ చెప్పే ఆయన అసలు రాసుకోడు. నిజానికి గురువారం 48 వేసిన పిల్లాడు శుక్ర, శనివారాలు పిచింగ్ చేయకూడదు, శనివారం 40 వేశాక ఆదివారమూ చేయకూడదు. ఆరు రోజుల్లో మొత్తం 145 బంతులు, మధ్యలో ఒక గేమ్ క్యాచింగ్. ఒక్కో గేమ్ అంకె చూస్తే ఏ కోచ్‌దీ తప్పు కనిపించదు, చెయ్యి మాత్రం పాడవుతుంది.

అందుకే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి, లేదా ఫోన్‌లో అమ్మానాన్నలిద్దరూ చూడగలిగే నోట్ పెట్టుకోండి. తేదీ, ఎక్కడ, ఎన్ని బంతులు, మళ్లీ ఎప్పుడు వేయొచ్చు అని నాలుగు గడులు చాలు. నాలుగో గడి తప్పకుండా ఉండాలి. ఆదివారం పొద్దున కోచ్ "ఈరోజు వేస్తాడా?" అని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టే పని లేకుండా జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇంకో సంగతి. పుస్తకంలో పడేవి బ్యాటర్‌కు వేసినవే. గేమ్‌కు ముందు బుల్‌పెన్‌లో (పిచర్లు సాధన చేసే చోట) వేసిన 25, ఒక్కో ఇన్నింగ్స్ మొదట్లో వేసే 8 వార్మప్ బంతులు ఎక్కడా కనిపించవు. 4 ఇన్నింగ్స్‌లో 60 పిచ్‌లు వేసిన పిల్లాడు నిజానికి 117 సార్లు విసిరాడన్నమాట. ఫ్లోరిడా హైస్కూల్ పిచర్లను గమనించిన ఒక అధ్యయనంలో, గేమ్ రోజున వేసిన మొత్తం బంతుల్లో 40 శాతానికి పైగా లెక్కలోకి రానివేనని 2018లో తేలింది. కాబట్టి గరిష్ఠాన్ని చేరాల్సిన లక్ష్యంలా చూడకండి. 85 హద్దు అయితే 65-70 దగ్గర తీసేసినా నష్టం లేదు.

టోర్నమెంట్ల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్తపడాలి. కొన్నిచోట్ల ఇంకా ఇన్నింగ్స్ లెక్కే నడుస్తోంది. ఒక ఇన్నింగ్స్ 9 బంతుల్లో అయిపోవచ్చు, 35 బంతులు పట్టనూ వచ్చు. రిజిస్టర్ చేసే ముందే నియమాలు అడగండి. వాళ్ల నియమం వదులుగా ఉంటే మీ కాగితమే నియమం.

మూడో పని: అలసటను కళ్లతో పట్టుకోండి

అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ స్థాపించిన అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఈ గాయాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2006లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో, సర్జరీ దాకా వెళ్లిన కుర్ర పిచర్లను ఏ గాయమూ లేనివాళ్లతో పోల్చారు. ఏడాదిలో 8 నెలలకు మించి పిచింగ్ చేసినవాళ్లకు ముప్పు 5 రెట్లు. అలసిపోయాక కూడా తరచూ వేసినవాళ్లకు 36 రెట్లు. ఈ రెండో అంకె నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పిచ్ కౌంట్ కూడా చివరికి అలసటను అంచనా వేసే సాధనమే. 40 బంతులకే అలసిపోయే రోజులుంటాయి, ముఖ్యంగా మిట్టమధ్యాహ్నం టెక్సస్ ఎండలో.

కాబట్టి స్కోరు మీద నుంచి కాసేపు దృష్టి తీసి పిల్లాడిని చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో భుజం ఎత్తున ఉన్న మోచేయి మూడో ఇన్నింగ్స్‌కు కిందికి జారుతుంది. బంతులు వరసగా ఎత్తుగా పోతుంటాయి. బంతికీ బంతికీ మధ్య సమయం పెరుగుతుంది. టోపీ సర్దుకోవడం, మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) వెనక్కి వెళ్లి నిలబడటం, లేస్ కట్టుకోవడం మొదలవుతాయి. చెయ్యి కిందికి వేలాడదీసి విదిలిస్తాడు. కాళ్లు అలసిపోయి ముందడుగు చిన్నదవుతుంది, ఆ లోటు చేత్తో తీర్చడానికి చూస్తాడు. వీటిలో రెండు కనిపిస్తే కౌంట్ ఎంతైనా సరే కోచ్‌కు చెప్పండి.

"అలా చెబితే బాగుండదేమో, కోచ్ ఏమనుకుంటాడో" అని మనవాళ్లు వెనకాడతారు. పెద్దవాళ్లకు ఎదురుచెప్పకూడదని పెరిగినవాళ్లం, కోచ్ అంటే గురువు అన్న గౌరవం. ఆ గౌరవం అలాగే ఉంచుకుని కూడా మాట్లాడవచ్చు. గేమ్ మధ్యలో ఫెన్స్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. ముందురోజు రాత్రి ఒక మెసేజ్ పెట్టండి: "గురువారం వేరే గేమ్‌లో 48 వేశాడు, ఆదివారం దాకా పిచింగ్ వద్దు. ఫస్ట్ బేస్‌లోనో, బ్యాటింగ్‌కో వాడుకోండి." అంకె ఉన్న మాటకు ఎవరూ నొచ్చుకోరు. అంకె చెప్పినా వినని కోచ్ దగ్గర పిల్లాడిని ఉంచాలా అన్నది అప్పుడు ఆలోచించండి.

పిచింగ్, క్యాచింగ్ ఒకే రోజు వద్దు

క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసురుతూనే ఉంటాడు. లిటిల్ లీగ్‌లో 41 లేదా అంతకన్నా ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా ఆడకూడదు, 4 ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. టీమ్‌లో చెయ్యి బాగున్న పిల్లాడినే రెండింటికీ వాడుకుంటారు. మీవాడు అలాంటి పిల్లాడైతే ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవడం మేలు.

నాలుగో పని: వార్మప్, బలం

బంతి విసిరి ఒళ్లు వేడెక్కించడం కాదు, ఒళ్లు వేడెక్కాకే బంతి విసరాలి. 5 నిమిషాలు చెమట పట్టేలా పరుగు, తర్వాత నడుం, తుంటి, భుజం కదిలించే వ్యాయామాలు, రబ్బరు బ్యాండ్‌తో కొన్ని లాగుళ్లు. ఆ తర్వాత 30 అడుగుల దూరం నుంచి నెమ్మదిగా విసరడం మొదలుపెట్టి 45, 60 అడుగులకు వెళ్లాలి. కారు దిగి నేరుగా మౌండ్ ఎక్కే పరిస్థితి రాకూడదంటే గేమ్‌కు కనీసం 45 నిమిషాల ముందు చేరాలి. మనకు కష్టమైన పని ఇదే.

బలం అంటే కండలు కాదు. పిచ్‌లో వేగం కాళ్ల నుంచి పుట్టి, తుంటి, నడుం మీదుగా చేతికి వస్తుంది. ఒంటికాలి మీద 30 సెకన్లు కదలకుండా నిలబడలేని పిల్లాడు ఆ వేగాన్ని భుజంతోనే తయారు చేసుకుంటాడు. ఒంటికాలి స్క్వాట్లు, ప్లాంక్, వీపు పైభాగానికి బ్యాండ్ వ్యాయామాలు వారానికి మూడుసార్లు ఇంట్లో చేయిస్తే చాలు.

కర్వ్‌బాల్, రాడార్ గన్, బరువు బంతులు

కర్వ్‌బాల్ (గాలిలో మలుపు తిరిగే బంతి) మీద వాదన ఇంకా తెగలేదు. 9-14 ఏళ్ల పిచర్ల మీద 2002లో వచ్చిన అధ్యయనంలో కర్వ్‌బాల్ వేసేవాళ్లలో భుజం నొప్పి ముప్పు 52 శాతం, స్లయిడర్ (వేగంగా వచ్చి పక్కకు జారే బంతి) వేసేవాళ్లలో మోచేయి నొప్పి ముప్పు 86 శాతం ఎక్కువగా కనిపించింది. తర్వాత వచ్చిన కొలతల్లో కర్వ్‌బాల్ వల్ల మోచేయి మీద పడే ఒత్తిడి ఫాస్ట్‌బాల్ కన్నా ఎక్కువేం కాదని తేలింది. పిచ్ స్మార్ట్ సలహా మధ్యే మార్గం: 12 ఏళ్ల దాకా ఫాస్ట్‌బాల్, చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లాగే విసిరే నెమ్మది బంతి) నేర్పండి. ఆ రెండూ కుదిరాకే 13-14లో మిగతావి. 10 ఏళ్లవాడికి కర్వ్‌బాల్ నేర్పాలని తొందరపడే కోచ్‌కు వద్దని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

నాకు కర్వ్‌బాల్ కన్నా వేగం పిచ్చి మీదే ఎక్కువ భయం. బంతి వేగం కొలిచే రాడార్ గన్ ముందు నిలబడితే పిల్లలు ప్రతి బంతీ ఉన్న బలమంతా పెట్టి వేస్తారు. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ విడుదల చేసిన నివేదిక కూడా పిచర్ల గాయాలకు వేగం కోసం పరుగును, ప్రతి బంతీ పూర్తి బలంతో వేయడాన్నే ముఖ్య కారణాలుగా చూపింది. చలికాలంలో విశ్రాంతి తీసుకోవాల్సిన సమయంలో షోకేస్ (కోచ్‌ల ముందు ఆట చూపించే కార్యక్రమం) పెడితే వెళ్లకండి. బరువు బంతుల ట్రైనింగ్ కూడా ఇలాంటిదే. 13-18 ఏళ్ల పిచర్లతో 6 వారాలు చేయించిన ఒక పరిశోధనలో వాళ్ల వేగం పెరిగింది, కానీ ఆ బృందంలో 24 శాతం మందికి గాయాలయ్యాయి. మామూలుగా ట్రైనింగ్ తీసుకున్న బృందంలో ఒక్కరికీ కాలేదు.

ఐదో పని: ఏడాదికి 4 నెలలు పిచింగ్ ఆపండి

ఏడాదిలో కనీసం 4 నెలలు పిచింగ్‌కు సెలవు, అందులో 2-3 నెలలు వరసగా అసలు విసిరే ఆటలే లేకుండా ఉండాలన్నది పిచ్ స్మార్ట్ మాట. మొత్తం ఇన్నింగ్స్ కూడా అన్ని టీములూ కలిపి ఏడాదికి 9-12 ఏళ్లవాళ్లకు 80, ఆపై వయసు వాళ్లకు 100 దాటకూడదు. మంచు పడే చోట్ల ఆట దానంతటదే ఆగుతుంది. టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో మనమే ఆపాలి.

ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది, ఇండియా ప్రయాణం. ఎలాగూ నాలుగైదు వారాలు ఊళ్లో ఉంటారు. గ్లవ్ సూట్‌కేసులో పెట్టకండి. దానికి ముందో వెనకో ఇంకొన్ని వారాలు కలిపితే విశ్రాంతి పూర్తవుతుంది. అక్కడ బావమరుదులతో, కజిన్స్‌తో ఊరికే క్రికెట్ ఆడితే భయపడక్కర్లేదు గానీ, బౌండరీ నుంచి గంటల తరబడి బలంగా విసిరితే అది విశ్రాంతి కాదు. ఇక్కడ ఉన్నప్పుడు బేస్‌బాల్‌తో పాటు బ్యాడ్మింటన్ కోచింగ్‌కు వెళ్లే పిల్లలు మనవాళ్లలో చాలామంది. స్మాష్‌ల భారం కూడా అదే భుజం మీద పడుతుంది, దాన్నీ కాగితంలో రాయండి. సెలవు నెలల్లో సాకర్, బాస్కెట్‌బాల్, పరుగు మంచివి.

నొప్పి అన్నప్పుడు

"చెయ్యి ఎలా ఉంది?" అంటే "బానే ఉంది నాన్నా" అంటాడు. నొప్పి అంటే ఆడనివ్వరని వాడికి తెలుసు. ప్రశ్న మార్చండి. గేమ్ మర్నాడు పొద్దున ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి పూర్తిగా చాచమనండి. విసిరే చెయ్యి రెండోదంత తిన్నగా చాచుకుంటోందా చూడండి. మోచేయి లోపలి వైపు బొడిపెను బొటనవేలితో మెల్లగా నొక్కండి, ముందు రెండో చెయ్యి, తర్వాత విసిరే చెయ్యి. నోటితో ఏమన్నా, ముఖం నిజం చెబుతుంది. భుజమైతే పై చెయ్యి బయటి వైపు నొక్కి చూడండి.

కండరాలు రెండు వైపులా పట్టేసినట్టుండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది మామూలే. కీలు దగ్గర ఒకేచోట నొప్పి, మర్నాటికీ తగ్గని నొప్పి, విసిరేటప్పుడు వచ్చే నొప్పి అయితే ఆ రోజు నుంచే విసరడం ఆపి, పిల్లల స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించండి. టప్పుమని శబ్దం వచ్చినా, మోచేయి వాచినా, చాచలేకపోయినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టున్నా, ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకండి.

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే నొప్పి అనగానే నూనె రాసి మర్దన చేస్తారు, లేదా ఇండియా నుంచి తెచ్చిన బామ్ రాస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ దాంతో గ్రోత్ ప్లేట్ గాయం తగ్గదు. హాయిగా అనిపించి పిల్లాడు మళ్లీ మైదానానికి పరిగెడతాడు. గేమ్‌కు ముందు ఐబుప్రోఫెన్ ఇవ్వడం ఇంకా ప్రమాదం. ఆపమని చెప్పేది ఆ నొప్పే, దాన్ని మాత్రతో అణిచేస్తే ఎప్పుడు ఆపాలో పిల్లాడికీ తెలియదు, మీకూ తెలియదు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు

గాయం తర్వాతైతే డాక్టర్ సరే అన్నాకే. ఇండియా నుంచి వచ్చాకైతే, దిగిన వారాంతమే టోర్నమెంట్‌కు పేరు ఇవ్వకండి, 4-6 వారాలు కావాలి. మొదటి వారం రోజు విడిచి రోజు 30 అడుగుల నుంచి 25 సార్లు తేలిగ్గా విసరనివ్వండి. నొప్పి లేకపోతే 45 అడుగులు, తర్వాత 60, 11-12 ఏళ్లు దాటినవాళ్లకు ఇంకాస్త దూరం. ఏ మెట్టు దగ్గర నొప్పి వచ్చినా రెండు రోజులు ఆపి, కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఇవన్నీ అయ్యాకే మౌండ్, అదీ సగం బలంతో, ఫాస్ట్‌బాల్ మాత్రమే. మొదటి గేమ్‌లో 20 బంతులకు ఆపేస్తామని కోచ్‌కు ముందే చెప్పి, ఆ 20ని కూడా ఫ్రిజ్ మీద కాగితంలో రాయండి.